బాతు పిల్లల రెక్క బయటికి తిరిగితే: ఇంట్లో కట్టు కట్టే పద్ధతి, మేత మార్పు, జాగ్రత్తలు

మూడు నాలుగు వారాల బాతు పిల్ల రెక్క చివర ఒంటికి ఆనకుండా పక్కకు పొడుచుకొచ్చిందా? దీన్నే ఏంజెల్ వింగ్ అంటారు. గూస్ (పొడవు మెడ ఉన్న పెద్ద బాతు జాతి) పిల్లల్లో ఇంకా ఎక్కువ. ఎముకలు లేతగా ఉన్న రోజుల్లో కనిపెడితే చిన్న పట్టీతో, మేత మార్పుతో చాలావరకు ఇంట్లోనే సరవుతుంది. వయసు దాటాక ఏ కట్టు కట్టినా మారదు.

అందుకే ఇది పూర్తిగా చదవక ముందే ఒక పని చేయండి. గిన్నెలో బ్రాయిలర్ మేత, అన్నం, బ్రెడ్డు లాంటివి ఉంటే తీసేయండి. మంచినీళ్లు, సన్నగా తరిగిన ఆకుకూర పెట్టి రండి. మిగతావి తర్వాత చూద్దాం.

## 1. లోపల ఏం జరుగుతోంది

బాతు రెక్కకు మన చేతికి ఉన్నట్టే భుజం, మోచేయి, మణికట్టు ఉంటాయి. పొడవాటి చివరి ఈకలు మణికట్టు దాటిన భాగంలో మొలుస్తాయి. మొలిచే దశలో ఒక్కో ఈక కాడ నిండా రక్తం ఉంటుంది కాబట్టి అవి ముదురు ఈకల కంటే చాలా బరువు.

బలమైన మేత వల్ల ఒళ్లు, ఈకలు వేగంగా పెరుగుతాయి. మణికట్టును పట్టి ఉంచే కండరాలు ఆ వేగాన్ని అందుకోలేవు. ముందు రెక్క చివర వేలాడుతుంది, తర్వాత బయటికి మెలితిరుగుతుంది. ఆ స్థితిలోనే ఎముక గట్టిపడితే ఇక శాశ్వతం.

మాంగనీసు, విటమిన్ డి, విటమిన్ ఇ తక్కువైనా, తిరగడానికి చోటు లేకపోయినా సమస్య ముదురుతుంది. కొంత వంశపారంపర్యం కూడా ఉంటుంది. పొలాల్లో నడిచి మేసే మందల కంటే మేడ మీద, పెరట్లో గిన్నె నిండా మేత ముందుంచుకుని కూర్చునే పిల్లల్లోనే ఇది ఎక్కువగా చూస్తాం.

## 2. అదేనా, వేరే ఏదైనానా?

తొందరపడి కట్టు కట్టకండి. రెక్క తేడాగా కనిపించడానికి కనీసం నాలుగు కారణాలున్నాయి, నాలుగింటికీ చేయాల్సింది వేరు.

ఏంజెల్ వింగ్. రెక్కలో పై భాగం మామూలుగానే ఉంటుంది. మణికట్టు నుంచి చివరి భాగం మాత్రం బయటికి తిరిగి, ఈకల మొలకలు పక్కకు పొడుచుకుని ఉంటాయి. ఎడమ రెక్కకే ఎక్కువగా వస్తుంది, రెండింటికీ కూడా రావచ్చు. మెల్లగా మొదలై రోజురోజుకూ పెరుగుతుంది. నొప్పి కనిపించదు.

బరువుకి వేలాడటం. ఈకల మొలకలు బాగా వచ్చిన రోజుల్లో, ముఖ్యంగా సాయంత్రం అలసిపోయినప్పుడు, రెక్క కిందికి జారి ఉంటుంది. మెలి మాత్రం ఉండదు. పిల్ల తనంతట తానే మళ్లీ పైకి సర్దుకుంటుంది. దీనికి కట్టు అక్కర్లేదు, మేత తగ్గిస్తే చాలు. రెండు మూడు రోజులు గమనించండి. సర్దుకోవడం మానేసినా, మెలి మొదలైనా అప్పుడు కట్టండి.

ఎండ. మన వేసవిలో పిల్లలు నోరు తెరిచి ఒగరుస్తూ రెండు రెక్కలూ ఒంటికి దూరంగా పెట్టుకుంటాయి. నీడలోకి తెచ్చి నీళ్లు పెడితే అరగంటలో రెక్కలు దగ్గరకు వచ్చేస్తాయి.

విరగడం, కీలు తప్పడం. నిన్నటిదాకా బాగున్న రెక్క ఒక్కసారిగా వేలాడితే అనుమానించాల్సింది దీన్నే. వాపు, వేడి, గాయం, నీలం రంగు, ముట్టుకుంటే అరుపు, ఎముక కదిలినప్పుడు గరగరమనడం ఉంటాయి. దీన్ని ఇంట్లో కట్టకండి, పశువైద్యుడికి చూపించండి.

ఇప్పుడు చేత్తో పరీక్ష. పిల్లను ఒడిలో పెట్టుకుని, రెక్కను మెల్లగా మడిచి ఒంటికి ఆనించండి. మణికట్టు భాగం బలవంతం లేకుండా లోపలికి తిరిగిందంటే కట్టుకు లొంగుతుంది. వదలగానే మళ్లీ బయటికి వచ్చినా పరవాలేదు. గట్టిగా అడ్డుపడి తిరగనంటే ఎముక ముదిరిందని అర్థం. బలవంతంగా తిప్పితే విరుగుతుంది.

వయసు లెక్క ఇలా ఉంటుంది. బాతు పిల్లల్లో సాధారణంగా మూడు నుంచి ఆరు వారాల మధ్య, గూస్ పిల్లల్లో నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య బయటపడుతుంది. మస్కోవీ బాతులకు ఈకలు ఆలస్యం కాబట్టి ఇంకాస్త వెనక. తిరగడం మొదలైన రెండు మూడు రోజుల్లో కడితే ఫలితం బాగుంటుంది. ఈకలు పూర్తిగా ఎదిగి కాడల్లో రక్తం ఇంకిపోయాక ఆశ పెట్టుకోకండి.

## 3. కావలసినవి

అన్నీ చేతికి అందేలా సర్దుకున్నాకే పిల్లను పట్టుకోండి. సగంలో కత్తెర కోసం లేస్తే కట్టు మొదటికొస్తుంది.

- తనకు తానే అంటుకునే సాగే పట్టీ. కోహెసివ్ బ్యాండేజ్, వెట్ ర్యాప్ అనే పేర్లతో సర్జికల్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. బాతు పిల్లకు 2.5 సెంటీమీటర్ల వెడల్పు, గూస్ పిల్లకు 5 సెంటీమీటర్లు. 5 సెంటీమీటర్లదే దొరికితే నిలువునా సగానికి కత్తిరించుకోండి.
- అది దొరక్కపోతే మైక్రోపోర్ పేపర్ టేపు, లేదా పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు.
- మొన మొద్దుగా ఉన్న కత్తెర.
- పాత మెత్తటి తువ్వాలు.
- దూది, కొద్దిగా కార్న్‌ఫ్లోర్. ఈక మొలక విరిగి రక్తం వస్తే పనికొస్తాయి.
- పట్టుకోవడానికి ఇంకో మనిషి.

పట్టీ రంగు కూడా చూసుకోండి. ఎరుపు పట్టీ కడితే తోటి పిల్లలు పొడిచి పొడిచి లాగేస్తాయి. గోధుమ, నలుపు, లేదా ఈక రంగుకు దగ్గరగా ఉన్నది మేలు.

వాడకూడనివి: కరెంటు పనులకు వాడే ఇన్సులేషన్ టేపు, పార్సిల్ టేపు, గట్టి జిగురు ప్లాస్టర్, రబ్బరు బ్యాండు, దారం, తాడు. మొదటి మూడూ తీసేటప్పుడు ఈకలు ఊడొస్తాయి. మిగిలినవి రెక్కకు రక్తం అందకుండా చేస్తాయి. మామూలు క్రేప్ బ్యాండేజీ కూడా వద్దు. దాన్ని నిలపడానికి క్లిప్పు కావాలి, ఆ క్లిప్పు ఊడితే పిల్ల మింగేస్తుంది.

## 4. కట్టు కంటే ముందు మేత

కట్టు కట్టి పాత మేతే పెడితే, కట్టు విప్పిన మర్నాడే రెక్క మళ్లీ తిరుగుతుంది. ఈ విషయంలో ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

మొదటి రెండు వారాలు పిల్లలకు 20 నుంచి 22 శాతం ప్రొటీన్ ఉన్న మేత సరైనదే. మూడో వారం నుంచి 16–18 శాతానికి దిగాలి. రెక్క తిరిగిన పిల్లకు మాత్రం వెంటనే 15–16 శాతానికి తెచ్చేయండి. షాపులో దొరికే మేతల్లో బ్రాయిలర్ ప్రీ స్టార్టర్, స్టార్టర్ రెండూ 22 శాతం చుట్టూ ఉంటాయి, ఫినిషర్ కూడా 20 దగ్గరే. కోడి పిల్లల గ్రోయర్ మాష్ (ఎదిగే దశలో పెట్టే పొడి మేత) సుమారు 16 శాతం. మీకు కావాల్సింది ఇదే. సంచి మీద శాతం చదివి తీసుకోండి.

గ్రోయర్ దొరక్కపోతే చాలామంది స్టార్టర్‌లో సగానికి సగం నూకలు కలుపుతారు. లెక్కకు ప్రొటీన్ తగ్గుతుంది కానీ రెండు నష్టాలున్నాయి. నూకల్లో పిండి పదార్థం ఎక్కువ కాబట్టి ఒళ్లు పెరిగే వేగం తగ్గదు. పైగా మేతలో ఉన్న విటమిన్లు, మాంగనీసు సగమైపోతాయి. సరిగ్గా అవే ఈ పిల్లకు అవసరం. కలపక తప్పకపోతే నూకలకు బదులు పచ్చిమేత పెంచండి, ఖనిజ మిశ్రమం ప్యాకెట్ మీద రాసిన మోతాదులో కలపండి.

లేయర్ మేత వైపు పోకండి. అందులో గుడ్డు పెంకు కోసం వేసే కాల్షియం పెరిగే పిల్లల మూత్రపిండాలకు భారం.

పెట్టే తీరు కూడా మారాలి:

- గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచకండి. రోజుకు మూడు పూటలు, ఒక్కో పూట 15–20 నిమిషాల్లో తినేంత.
- రాత్రి మేత తీసేయండి, నీళ్లు మాత్రం ఉంచండి.
- పచ్చిమేత కావలసినంత: గరిక, తోటకూర, బచ్చలి, మునగాకు, అజొల్లా. గూస్ పిల్లలకు లేత గడ్డే ప్రధాన ఆహారం కావాలి, గింజ మేత దానికి తోడు మాత్రమే. కోసిన ఆకు పెడితే సన్నగా తరగండి. ఇసుక లేదా సన్న గులకరాయి ఒక మూతలో పెట్టండి, ఆకు అరగడానికి కావాలి.
- బ్రెడ్డు, బిస్కట్లు, అన్నం, మొక్కజొన్న, చిరుతిళ్లు పూర్తిగా బంద్.
- నత్తలు, చేప ముక్కలు, పురుగులు కూడా ఈ రెండు మూడు వారాలు తగ్గించండి. మంచి మేతే, కానీ ప్రొటీన్ ఎక్కువ.
- బూజు పట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న ఎప్పుడూ వద్దు. అఫ్లటాక్సిన్ విషానికి బాతు పిల్లల కంటే సున్నితమైన పెంపుడు పక్షి మరొకటి చెప్పడం కష్టం.

పొద్దున్న లేత ఎండలో రోజూ అరగంట నుంచి గంట తిప్పండి. కిటికీ అద్దం లోపల నుంచి పడే ఎండతో విటమిన్ డి తయారు కాదు, అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. కోళ్లకు వాడే విటమిన్ ద్రావణం, అంటే ఎ, డి3, ఇ కలిసినది, సీసా మీద చెప్పిన మోతాదులో ఐదు రోజులు నీళ్లలో ఇవ్వవచ్చు. రెట్టింపు మోతాదు రెట్టింపు మేలు చేయదు. డి3 ఎక్కువైతే విషమే.

నియాసిన్ (విటమిన్ బి3) సంగతి వేరు. అది తక్కువైతే కాళ్లు వంకర పోతాయి, పిల్ల మడమల మీద కూర్చుండిపోతుంది. బాతు మేతలో కిలోకు 55 మిల్లీగ్రాముల నియాసిన్ కావాలి, కోడి మేతలో అంతకంటే తక్కువ ఉండవచ్చు. కాళ్లు కూడా బాగోకపోతే నియాసిన్ ఉండే బ్రూయర్స్ ఈస్ట్ పొడి కలపండి. తిరిగిన రెక్క దానితో సరికాదు.

## 5. కట్టు కట్టే క్రమం

చల్లటి పూట పెట్టుకోండి, పొద్దున్నే అయితే మంచిది. కట్టాక రోజంతా గమనించవచ్చు. మేత తిన్న వెంటనే పట్టుకోకండి.

అడుగు 1. పట్టీ ముక్కలు సిద్ధం చేయడం. బాతు పిల్లకు 25–30 సెంటీమీటర్ల ముక్క, గూస్ పిల్లకు 45–60 సెంటీమీటర్ల ముక్క కత్తిరించండి. చుట్టలో ఉన్న సాగే పట్టీ ముందే బిగుసుకుని ఉంటుంది. ఒకసారి పూర్తిగా విప్పి, వదులుగా మళ్లీ చుట్టుకోండి. ఈ చిన్న పని మానేస్తే కట్టు మీకు తెలియకుండానే బిగిసిపోతుంది.

అడుగు 2. పట్టుకోవడం. సాయం చేసేవారు కూర్చుని పిల్లను ఒడిలో, బాగున్న రెక్క తమ వైపు ఉండేలా పెట్టుకోవాలి. తువ్వాలు ఒంటి చుట్టూ వదులుగా కప్పి, కట్టాల్సిన రెక్క ఒక్కటే బయట ఉంచాలి. కాళ్లు కిందికి వేలాడకుండా అరచేతి మీద ఆనాలి. రొమ్ము మీద నొక్కకండి. పక్షులు రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ ఆడితేనే ఊపిరి తీయగలవు. రెక్క పట్టుకుని ఎత్తడం అసలే వద్దు.

అడుగు 3. చూసుకోవడం. రెక్క మెల్లగా చాపి గాయం, పురుగులు, విరిగిన మొలక ఉన్నాయేమో చూడండి. మొలకలు నీలం, ఊదా రంగులో కనిపిస్తే లోపల రక్తం ఉందని గుర్తు. వాటిని వేళ్లతో పిండకండి.

అడుగు 4. సహజంగా మడవడం. రెక్కను భుజం, మోచేయి, మణికట్టు దగ్గర మూడు మడతలుగా మూయండి. చివరి ఈకలు మధ్య ఈకల (మోచేయికి, మణికట్టుకు మధ్య మొలిచేవి) కిందికి జారాలి, పైకి ఎక్కి కూర్చోకూడదు. మణికట్టు మొన ముందువైపు, ఈక చివరలు తోకవైపు ఉండాలి. రెండో రెక్కను చూస్తూ సరిపోల్చుకోండి, అంతకంటే మంచి నమూనా లేదు.

అడుగు 5. మొదటి చుట్టు. పట్టీ కొసను రెక్క లోపలి వైపు, అంటే ఒంటికి తగిలే వైపు, మణికట్టుకు కొంచెం వెనకగా ఆనించండి. అక్కడి నుంచి కింది అంచు మీదుగా బయటికి తెచ్చి, రెక్క బయటి ముఖం మీద పైకి లాగండి. ఇలా తిప్పితే పట్టీ ఈకల బరువును కింద నుంచి ఎత్తి పడుతుంది, బయటికి తిరిగిన భాగాన్ని ఒంటి వైపు నెడుతుంది. దిశ తిరగేసి కడితే మెలి పెరిగే ప్రమాదముంది.

చుట్టు రెక్క చుట్టూ మాత్రమే. ఒంటిని కలిపి కట్టకండి.

అడుగు 6. రెండో చుట్టు, మోచేయి వైపు. పట్టీని బయటి ముఖం మీద ఏటవాలుగా వెనక్కి తెచ్చి, మోచేయి వైపు మడతను కలుపుతూ ఒక చుట్టు తిప్పి, మళ్లీ మణికట్టు వైపుకు తీసుకురండి. బయటి నుంచి చూస్తే ఎనిమిది అంకె అడ్డంగా పడుకున్నట్టు కనిపించాలి. బాతు పిల్లకు మొత్తం రెండు మూడు చుట్లు చాలు. కట్టు లావైతే ఆ బరువే రెక్కను కిందికి లాగుతుంది.

పట్టీని పూర్తిగా సాగదీయకండి. ఎంత సాగగలదో అందులో పావు వంతు లాగితే సరిపోతుంది.

అడుగు 7. కొస అంటించడం. కొస బయటి ముఖం మీద, పిల్ల ముక్కుకు అందనంత వెనకగా వచ్చేలా చూసి నొక్కండి. మాస్కింగ్ టేపు వాడితే అది ఈకలకే తగలాలి, చర్మానికి అంటకూడదు.

అడుగు 8. వదలక ముందు తనిఖీ.

☐ కట్టు కిందికి చిటికెన వేలి కొస, గూస్ పిల్ల అయితే చూపుడు వేలి కొస, సులువుగా దూరుతోంది
☐ ఈకల చివరలు పక్కకు పొడుచుకురావడం లేదు
☐ ఏ మొలకా అడ్డంగా వంగలేదు
☐ మణికట్టు ముందు మొన మరీ నొక్కుకుపోలేదు
☐ భుజం స్వేచ్ఛగా ఆడుతోంది
☐ ఊపిరి మామూలుగా ఉంది

రెండు రెక్కలూ తిరిగి ఉంటే దేనికది విడిగా కట్టండి. రెంటినీ వీపు మీద కలిపి కట్టే పద్ధతి కొందరు పాటిస్తారు. పిల్ల వెల్లకిలా పడితే తిరిగి లేవలేదు, అందుకే మేం సిఫారసు చేయం.

కట్టు సరిగ్గా ఉన్నా రెక్క మొత్తం భుజం నుంచే వేలాడుతుంటే ఒంటి చుట్టూ ఆసరా కావాలి. ఆ కట్టు బిగుతులో చిన్న తేడా వచ్చినా ఊపిరి ఆడదు. దాన్ని ఒకసారి పశువైద్యుడి దగ్గర కట్టించుకుని చూసి నేర్చుకోండి.

## 6. కట్టు ఉన్న రోజుల్లో

వదిలిన మొదటి గంట పక్కనే ఉండండి. పిల్ల వెనక్కి నడవడం, తూలడం, కట్టును పొడవడం మామూలే, కాసేపటికి మరిచిపోతుంది. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, పడి లేవలేకపోతున్నా వెంటనే విప్పి వదులుగా కట్టండి.

తోటి పిల్లల నుంచి పూర్తిగా వేరు చేయకండి. ఒంటరి బాతు పిల్ల అరిచి అరిచి మేత మానేస్తుంది. పొడుస్తుంటే మధ్యలో జాలీ పెట్టి కనిపించేలా ఉంచండి, లేదా శాంతంగా ఉండే ఒక పిల్లను తోడు పెట్టండి.

ఈత బంద్. తడిసిన పట్టీ లోపల చర్మం నాని పుండవుతుంది. అయితే బాతుకు ముక్కు రంధ్రాలు, కళ్లు ముంచి కడుక్కునేంత లోతు నీళ్లు తప్పనిసరి. తల మాత్రమే దూరే చిన్న బక్కెట్టో, పైన అడ్డుకమ్మీలు పెట్టిన గిన్నో వాడితే ఒళ్లు తడవదు. పట్టీ తడిస్తే ఆరేదాకా చూడకండి, మార్చేయండి.

పొద్దున, సాయంత్రం చూడాల్సినవి:

☐ కట్టు జారిందా, బిగిసిందా (ఈ వయసులో పిల్ల రోజురోజుకూ పెరుగుతుంది, కట్టు పెరగదు)
☐ రెక్క చివర వాపు, చల్లదనం, రంగు మార్పు
☐ చెడు వాసన, తడి, ఈగలు
☐ మేత, నీళ్లు, రెట్ట

వేసవిలో కట్టు కట్టిన పిల్లకు రెక్క ఎత్తి ఒంటి వేడి వదులుకునే వీలు ఉండదు. మధ్యాహ్నం నీడ, గాలి తప్పకుండా చూడండి.

## 7. విప్పడం, మళ్లీ కట్టడం

మూడు రోజులకు విప్పండి. ఇంకా గట్టిపడలేదని వారం పది రోజులు అలాగే వదిలేస్తే భుజానికి, మణికట్టుకు మధ్య ఉన్న చర్మపు పొర ముడుచుకుపోయి, కీళ్లు బిగుసుకుంటాయి. అప్పుడు రెక్క బయటికి తిరగకపోయినా పూర్తిగా తెరుచుకోదు. ఒకసారి కట్టినది ఎట్టి పరిస్థితిలోనూ ఐదు రోజులు దాటకూడదు.

కత్తెరను చర్మానికి సమాంతరంగా, మొలకలు లేని చోట పెట్టి కత్తిరించండి. టేపు ఈకలకు పట్టుకుంటే ఒక్క చుక్క కొబ్బరినూనె దూదితో అద్ది ఐదు నిమిషాలు ఆగి, ఈక మొలిచిన దిశలోనే మెల్లగా లాగండి. నూనె ఎక్కువైతే ఈకలు నీళ్లు పీల్చేస్తాయి, ఆ పిల్ల తర్వాత ఈతలో తడిసి వణుకుతుంది.

విప్పాక రెండు మూడు గంటలు స్వేచ్ఛ. రెక్కలు ఆడించనివ్వండి, పరిగెత్తనివ్వండి. మీ కళ్ల ముందు పావుగంట ఈత కూడా మంచిదే, ఆరాకే మళ్లీ కట్టాలి. ఈ మధ్యలో రోజుకు రెండుసార్లు రెక్కను అడ్డు తగలని మేరకు చాపి, మూసి, ఇలా ఐదారు సార్లు చేయండి.

అప్పుడు రెక్క ఎలా ఉందో చూసి నిర్ణయించుకోండి:

- ఒంటికి ఆని నిలిచింది: కట్టు వద్దు. వారం పాటు రోజూ చూడండి, మేత మాత్రం మార్చకండి.
- కాసేపు నిలిచి, అలసిపోగానే తిరిగింది: మరో రెండు మూడు రోజుల కట్టు.
- విప్పగానే బయటికి వచ్చింది: మడత సరిగ్గా ఉందో లేదో చూసుకుని మళ్లీ మూడు రోజులు. మేత నిజంగా మారిందా? ఇంట్లో ఇంకెవరైనా బిస్కట్లు పెడుతున్నారా? ఇది సరదాకి అడగడం లేదు.

తొందరగా పట్టుకున్న కేసుల్లో ఒకటి రెండు విడతలతో సరిపోతుంది. రెండు వారాలైనా ఏ మార్పూ లేకపోతే కట్టడం ఆపి వైద్యుడికి చూపించండి.

## 8. ఎక్కడ తప్పుతుంది, ఎలా దిద్దుకోవాలి

కట్టు గంటలో జారిపోతోంది. చుట్లన్నీ ఒకే చోట పడ్డాయి. మోచేయి వైపు రెండో చుట్టు లేకపోతే పట్టీ ఈకల చివరల వైపు జారుతుంది. బిగించకండి, అడుగు 6 సరిగ్గా చేయండి.

రెక్క చివర ఉబ్బింది. బిగుతు ఎక్కువైంది. వెంటనే విప్పి, వాపు తగ్గేదాకా, కనీసం ఆ పూటంతా ఖాళీగా ఉంచండి. మర్నాటికీ తగ్గకపోతే వైద్యుడు.

ఈక మొలక విరిగి రక్తం. చూస్తే భయమేస్తుంది కానీ కంగారుపడకండి. దూదితో ఐదు నిమిషాలు కదలకుండా నొక్కి పట్టండి, మధ్యమధ్య ఎత్తి చూడకండి. ఆగాక కార్న్‌ఫ్లోర్ అద్దండి. పావుగంటకూ ఆగకపోతే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. మొలకను మీరే పీకేయకండి. ఆ రోజుకు కట్టు వాయిదా.

ఈకలు పైన కూర్చున్నాయి. చివరి ఈకలు మధ్య ఈకల కిందికి వెళ్లకుండా మీద ఉండగానే కట్టేశారు. కట్టు విప్పాక కూడా అలాగే నిలుస్తాయి. విప్పి మళ్లీ మడవండి.

బాగున్న రెక్క కూడా తిరగడం మొదలైంది. ఇది కట్టు తప్పు కాదు, మేత ఇంకా బలంగా ఉందని గుర్తు.

నొప్పి మాత్రలు. మనుషులకు వాడే డైక్లోఫెనాక్, పారాసెటమాల్ ఏవీ ఇవ్వకండి. ఏంజెల్ వింగ్‌లో నొప్పి ఉండదు. నొప్పి ఉందంటే అది ఏంజెల్ వింగ్ కాకపోవచ్చు.

## 9. ఎప్పుడు ఆగి వైద్యుడిని అడగాలి

వాపు, గాయం, విరిగిన అనుమానం, చెడు వాసన, మేత మానేయడం, కాళ్లలో బలహీనత, రెండు వారాల కట్టుకూ మార్పు లేకపోవడం: ఇందులో ఏది ఉన్నా ఆగకండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య సేవల వివరాలు చెబుతారు. పక్షులను చూసిన అనుభవం కావాలంటే గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలు దగ్గరైతే అక్కడికి తీసుకెళ్లడం మంచిది. పిల్ల వయసు, ఏ మేత ఎన్ని రోజులు పెట్టారు, రెక్క ఎప్పటి నుంచి తిరిగింది అన్నవి రాసుకుని వెళ్లండి. కట్టకముందు తీసిన ఫోటో ఉంటే ఇంకా మేలు.

## 10. తర్వాతి పిల్లలకు రాకుండా

మొదటి వారం బ్రూడర్ (పిల్లలను బల్బుతో వెచ్చగా ఉంచే చోటు) వేడి 30–32 డిగ్రీలు, ఆ తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించండి. మన వేసవిలో పగలు బల్బే అక్కర్లేదు.

రెండో వారం చివర మేత మార్పు మొదలుపెట్టండి. నాలుగైదు రోజుల్లో స్టార్టర్ తగ్గిస్తూ గ్రోయర్ పెంచండి. మేత ఒక మూల, నీళ్లు ఐదారు మీటర్ల దూరంలో ఇంకో మూల పెడితే పిల్లలు రోజంతా నడుస్తాయి. ఒక్క రూపాయి ఖర్చు లేని వ్యాయామం ఇది.

మూడో వారం నుంచి ఎనిమిదో వారం దాకా సాయంత్రం లోపలికి తోలేటప్పుడు ప్రతి పిల్లను వెనక నుంచి ఒకసారి చూడండి. వెనక నుంచే మెలి త్వరగా తెలుస్తుంది. రెండు రెక్కల కొసలూ తోక మీద సమానంగా ఉండాలి.

ఒకే బ్యాచ్‌లో, ఒకే మేత తిన్న పిల్లల్లో ఒక్కదానికే వస్తే వంశం కారణం కావచ్చు. సగానికి పైగా పిల్లలకు వస్తే మేతను అనుమానించండి.

## 11. ఎదిగిన బాతుకు ఉంటే

కట్టు పని చేయదు, ప్రయత్నించి దాన్ని ఇబ్బంది పెట్టకండి. ఎగరలేదన్న మాటే గానీ తినడానికి, ఈదడానికి, గుడ్లు పెట్టడానికి అడ్డేమీ లేదు. పొడుచుకొచ్చిన ఈకలు కంచెలో ఇరుక్కుంటాయి కాబట్టి జాలీ కన్నాలు, ముళ్ల తీగ చూసుకోండి. కుక్క వెంటపడితే మిగతావాటిలా రెక్కలు కొట్టుకుంటూ తప్పించుకోలేదు, రాత్రి తప్పకుండా మూసిన గూట్లో ఉంచాలి.

ఈకలు మరీ అడ్డం వస్తుంటే, కాడల్లో రక్తం పూర్తిగా ఇంకిపోయి తెల్లగా, బోలుగా మారాక పొడవు కత్తిరించవచ్చు. ఈకలు రాలి కొత్తవి వచ్చిన ప్రతిసారీ మళ్లీ కత్తిరించాలి. తిరిగిన భాగాన్ని తీసేయడం శస్త్రచికిత్స, మత్తు ఇచ్చి వైద్యుడు చేయాల్సిన పని.

ఇలాంటి బాతు గుడ్లు తినడానికి నిక్షేపంగా వాడుకోవచ్చు. పొదగేయడానికి మాత్రం వేరే బాతు గుడ్లు తీసుకోండి. ఏంజెల్ వింగ్ ఉన్న మగ బాతును జత కలపకండి, దాన్ని ఆడవాటి నుంచి వేరే దొడ్లో ఉంచండి.